ఇంటి ముందు తంగేడు పూయాలంటే

నల్లగొండ, పాలమూరు చెల్కల్లో (ఎర్రమట్టి చేలల్లో) ఎవరూ నీళ్లు పోయకుండానే విరగబూసే తంగేడు, ఇంటికి తెచ్చి పెడితే ఎండిపోతుంది. గట్టు మీది మొక్కను పెకిలించి తేవడమే దీనికి కారణం. తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది, తవ్వితే తెగుతుంది. విత్తనంతో మొదలుపెట్టడమే మేలు.

దసరా దాటాక కాయలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి, అప్పుడు కోయండి. గింజకు సన్నరంధ్రం కనబడితే పురుగు తిన్నదని పారేయండి. పెంకు మహా గట్టిది, అట్లే పెడితే చాలావరకు మొలవవు. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, ఒక నిమిషం ఆగి గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ఉబ్బినవి నాటాలి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది మళ్లీ నానబెట్టాలి. పొయ్యి మీద ఉంచి మరిగిస్తే మాత్రం గుగ్గిళ్లవుతాయి.

ఏప్రిల్‌లో 6×9 అంగుళాల సంచుల్లో రెండు పాళ్ల ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పెంట నింపి, సెంటీమీటరు లోతున రెండేసి గింజలు పెట్టండి. ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. జానెడు ఎత్తుకు రాగానే, వేరు సంచి అడుగున చుట్టుకోకముందే, మిరుగం (మృగశిర కార్తె) వానలకు నేలకు మార్చండి.

రోజంతా ఎండ పడాలి. గుంత అడుగున్నర, మొక్కకూ మొక్కకూ నాలుగడుగులు. చెల్క, ఇసుక దుబ్బ నేలలైతే చింత లేదు. రేగడిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది కాబట్టి మొరం కలిపి అడుగెత్తు కట్ట పోసి దాని మీద నాటండి. మొదటి ఎండాకాలం వారానికోసారి తడి చాలు. తర్వాత దాని మానాన దాన్ని వదిలేయండి. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది.

అసలు తప్పు జరిగేది కత్తిరింపు దగ్గర. పూలు కొత్త కొమ్మల కొసలకే వస్తాయి. జూన్ మొదట్లో మూడో వంతు కత్తిరిస్తే బతుకమ్మ నాటికి గుబురుగా పూస్తుంది. ఆకారం కోసమని ఆగస్టులో కోస్తే ఆ ఏటి పువ్వును కోసినట్టే.

వానల్లో ఆకుపచ్చ గొంగళిపురుగులు ఆకు తింటాయి. అవి తెల్లటి సీతాకోకచిలుకల పిల్లలు. లేత మొక్క మీదైతే చేత్తో ఏరేయండి, పెద్దదైతే తట్టుకుంటుంది. మందు కొడితే పువ్వు మీద వాలే తుమ్మెదలు చస్తాయి, కాయ నిలవదు.

నర్సరీలో కొనేవాళ్లు ఆకు కాడ మొదలు చూడండి. అక్కడ చెవి ఆకారంలో చిన్న రెక్కలుంటేనే అది తంగేడు. లేకుంటే సీమ తంగేడు అంటగట్టి ఉండొచ్చు, అది ఇంటికన్నా ఎత్తు పెరిగే చెట్టు.