తమిళం గబగబా వినిపిస్తుంటే మాటలు విడదీసుకోవడం ఎలా

చిత్తూరు కట్టమంచిలో మా మిద్దె మీద సాయంత్రాలు మాట్లాడే తమిళం నేర్పుతుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వేలూరుకో చెన్నైకో ఉద్యోగానికి పోయే పిల్లలు. లేదంటే ఇంట్లోవాళ్లను వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో చూపించుకుంటూ అక్కడే ఉండాల్సి వచ్చినవాళ్లు. అందరిదీ ఒకటే బాధ: "అక్కా, వాళ్లు గబగబా మాట్లాడేస్తా ఉండారు. రాసి చూపిస్తే తెలుస్తా ఉంది, వింటే ఒక్క ముక్కా అందడంలేదు."

అసలు చిక్కు వేగం కాదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుందని మనం అనుకుంటాం. ఆ ఖాళీ కాగితం మీదే ఉంటుంది, నోట్లో ఉండదు. ఇది చూస్తే తప్ప నమ్మకం కుదరదు కాబట్టి మొదటి క్లాసులోనే చూపిస్తాను, మీరూ చేసి చూడండి. "అమ్మ ఎక్కడుందో అక్కడే ఉండు" అని మామూలుగా మాట్లాడినట్టే ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అలల గీత బాగా చదునైపోయే చోట్లు రెండు కనిపిస్తాయి. "ఎక్కడ"లో క్క దగ్గర ఒకటి, "అక్కడే"లో క్క దగ్గర ఒకటి. రెండూ మాట మధ్యలోనివే! నాలుక వెనక భాగం పైకి లేచి గాలిని మూసిపట్టినంతసేపు శబ్దం ఆగుతుంది. "ఉందో"కీ "అక్కడే"కీ మధ్య మాత్రం గీత తెగదు. తెలుగులో మనకు వినిపించే విరామాలు మన బుర్ర పెట్టుకున్నవే. తమిళంలో దానికి ఇంకా ఆ అలవాటు పడలేదు, అంతే.

ఆ అలవాటు ఎలా పడుతుందో పసిపిల్లలను చూసి తెలుసుకోవచ్చు. 1996లో అమెరికాలో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ అనే పరిశోధకులు 8 నెలల పిల్లలకు అర్థం లేని కొన్ని మాటలనే మళ్లీ మళ్లీ, ఎక్కడా ఆపకుండా 2 నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం వెనక ఏది తప్పకుండా వస్తోంది, ఎక్కడ జత మారుతోంది అన్న ఒక్క ఆధారంతోనే పిల్లలు మాటల హద్దులు పసిగట్టారు. అందుకే నేను గంటల కొద్దీ సినిమాలు చూడమని చెప్పను. అర నిమిషం ముక్క ఒకటి చాలు, దాన్నే పదేపదే వినండి.

ఆ ముక్క కోసం వార్తల జోలికి పోవద్దు. వార్తల తమిళం వేరు, ఇంట్లో తమిళం వేరు. చిత్తూరులో తమిళం మాట్లాడే ఇరుగుపొరుగుకు కొదవలేదు. ఎవరినైనా అడిగి, ఈరోజు ఏం చేశారో చెబుతూ వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టమనండి.

మొదటిసారి వినేటప్పుడు తెలిసినవి మాత్రమే ఏరండి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, అంకెలు, బస్సు, టికెట్ లాంటి మాటలు. తెలిసిన మాట ఒకటి దొరికితే అటూ ఇటూ రెండు హద్దులు దొరికినట్టే. ఆరు నెలల పాప కూడా తన పేరు వెనకే వచ్చే కొత్త మాటను ఇలాగే పట్టుకుంటుంది.

తర్వాత మాటల తోకలు. నన్నడిగితే తెలుగువాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఆస్పత్రిలో "నాళక్కికాలైలవాంగ" అని ఒకే ఊపిరిలో అంటారు. మా క్లాసులో ఒకమ్మాయికి ఇందులో "లవంగ" వినిపించింది. చెవి తప్పేం లేదు, శబ్దం అలాగే ఉంది. దీన్ని వెనక నుంచి విప్పండి. చివర "ంగ" ఉంటే చాలాసార్లు అది మర్యాదగా ఏదో చేయమనడం: వాంగ (రండి), సొల్లుంగ (చెప్పండి), కుడుంగ (ఇవ్వండి). కాబట్టి "వాంగ", రండి. దానికి ముందు "ల" మన "లో" లాంటిది, చోటుకో వేళకో తగులుకుంటుంది. అది తీసేస్తే "కాలై", అంటే పొద్దున. మిగిలింది "నాళక్కి", రేపు. రేపు పొద్దున రండి అంటున్నారు. ఇలాగే "క్కు" వినిపిస్తే మన "కు", చివర "ఆ" సాగితే ప్రశ్న. ఈ నాలుగు తోకలకు చెవి అలవాటైతే వాక్యం సగం దానంతటదే విడిపోతుంది.

ఒకచోట మాత్రం తెలుగు చెవే అడ్డం వస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి అచ్చు దగ్గరే కోసేయడం మనకు అలవాటు. తమిళంలో హల్లుతో ముగిసే మాటలు బోలెడు, ఆ హల్లు వెనక వచ్చే అచ్చును అంటుకుంటుంది. అంగట్లో "పాలిల్ల" అంటే పాల్, ఇల్ల. పాలు లేవని. బడిలో "వాడెక్కడ"ను వాడు, ఎక్కడ అని విడదీశాం కదా, అదే పని ఇక్కడ చెవితో చేయాలి.

ఇప్పుడు రాయండి. విన్నది విన్నట్టు తెలుగు లిపిలోనే, విడదీయకుండా రాసి, తర్వాత గీతలు పెట్టి కోయండి. వెళ్లాలి అనడానికి పుస్తకంలో "పోగ వేండుం" అని ఉంటుంది, బస్సులో వినిపించేది "పోణుం". మీరూ "ఎంగ పోణుం" (ఎక్కడికి వెళ్లాలి) అని అదే వేగంతో పైకి అనండి. నోటికి పట్టిన రూపం చెవికి తొందరగా చిక్కుతుంది. ఫోన్‌లో వేగం తగ్గించి వినడం ఒకసారికి పర్వాలేదు, రెండోసారి వద్దు. అంత నిదానంగా బయట ఎవరూ మాట్లాడరు.

రాసుకున్నది మెసేజ్ పెట్టినవాళ్లకే చూపించి దిద్దించుకోండి. ఆ ముక్క చూడకుండా అర్థమయ్యాక వేరే గొంతుకు మారండి. ఆడవాళ్లది ఒకటి, మగవాళ్లది ఒకటి, పళ్లూడిన తాత ఎవరైనా ఉంటే ఆయనది తప్పకుండా ఒకటి. ఆ తర్వాత తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే ప్యాసింజర్ ఎక్కి, పక్కవాళ్లతో ఎక్కడిదాకా వెళ్తున్నారని మాట కలపండి.