ప్రీఆంప్‌కి కొత్త వాక్యూమ్ ట్యూబులు ఎంచుకోవడం ఎలా?

ప్రీఆంప్ అంటే సిగ్నల్‌ని పవర్ ఆంప్‌కి (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్‌కి) పంపేముందు సిద్ధం చేసే పెట్టె. ఒక పక్క స్పీకర్‌లో గరగర మొదలవగానే చాలామంది వెంటనే పేరున్న ట్యూబుల కోసం వెతుకుతారు. ముందు ఆ గోల ట్యూబు వల్లేనా అన్నది తేల్చుకోండి. ఎందుకంటే సాకెట్‌లో పట్టిన చిలుము, వయసైపోయిన రెసిస్టర్, లీకవుతున్న కెపాసిటర్ కూడా అచ్చం అలాగే వినిపిస్తాయి.

మొదటి పని: తప్పు ఎక్కడుందో చూడటం

ప్రీఆంప్ ఆపి, ప్లగ్ తీసేసి, ట్యూబులు పూర్తిగా చల్లారనివ్వండి. లోపల 200 నుంచి 300 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కొంతసేపు ఛార్జ్ నిలిచే ఉంటుంది కాబట్టి ట్యూబు తప్ప మరి దేన్నీ ముట్టుకోవద్దు. ధైర్యం చాలకపోతే టెక్నీషియన్‌కి ఇవ్వడమే మంచిది.

ఎడమ ఛానెల్ ట్యూబును కుడివైపు, కుడివైపుదాన్ని ఎడమవైపు పెట్టి వినండి. గరగర కూడా పక్క మారితే ట్యూబే పోయింది. ఉన్నచోటే ఉంటే ట్యూబులు కొనడం దండగ. అయితే ఒక్కో ట్యూబులో రెండు ట్రయోడ్లు (సిగ్నల్‌ని పెంచే భాగాలు) ఉంటాయి. కొన్ని ప్రీఆంపుల్లో ఒకే ట్యూబు చెరో సగంతో రెండు ఛానెళ్లనీ నడుపుతుంది. అలాంటప్పుడు ఈ మార్పిడి ఏమీ చెప్పదు, పనిచేస్తుందని తెలిసిన స్పేర్ ట్యూబు ఒకటి ఉండాల్సిందే.

ట్యూబులు పైకి కనిపించే మోడల్ అయితే ఇంకో పరీక్ష ఉంది. ప్రీఆంప్ ఆన్ చేసి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, పెన్సిల్ వెనక ఉండే రబ్బరుతో గాజు మీద మెల్లగా తట్టండి. ప్రతి ట్యూబూ కొద్దిగా ‘టక్’ మంటుంది, అది మామూలే. గంట కొట్టినట్టు ‘టంగ్’ మని మోగి, ఆ మోత స్పీకర్‌లో సాగుతూ ఉంటే ఆ ట్యూబు మైక్రోఫోనిక్ అయిందన్నమాట, అంటే కదలికనే శబ్దంగా మార్చేస్తోంది. మూత తీస్తేగానీ ట్యూబులు కనిపించని మోడల్లో ఈ పరీక్ష వద్దు.

గాజుకి లోపలివైపు వెండిలా మెరిసే పూత ఉంటుంది, దాన్ని గెట్టర్ అంటారు. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయింది, ఆ ట్యూబు ఇక పనికిరాదు. పూత బాగా మెరుస్తున్నంత మాత్రాన ఇంకా చాలా ఆయుష్షు ఉందని మాత్రం కాదు.

రెండో పని: నంబరు సరిచూసుకోవడం

ఎక్కువ ప్రీఆంపుల్లో కనిపించేవి నాలుగే. అమెరికా పేరు 12ఏఎక్స్7 అయితే యూరప్ పేరు ఈసీసీ83. అలాగే 12ఏటీ7 అంటే ఈసీసీ81, 12ఏయూ7 అంటే ఈసీసీ82, 6డీజే8 అంటే ఈసీసీ88. యూరప్ పేర్లో ‘ఈ’ అంటే 6.3 వోల్టుల హీటర్ (ట్యూబును లోపల వేడిచేసే తీగ), రెండు ‘సీ’లు రెండు ట్రయోడ్లు, 8 అంటే తొమ్మిది పిన్నుల బేస్. ఇది గుర్తుంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

వీటిలో మొదటి మూడింటి పిన్నుల వరుస ఒకటే. సాకెట్‌లో పట్టింది కదా అని ఒకదాని బదులు ఇంకోటి పెట్టేయకండి. యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదన్న లెక్క) 12ఏఎక్స్7కి 100, 12ఏటీ7కి సుమారు 60, 12ఏయూ7కి 20 లోపే. పైగా 12ఏఎక్స్7 సుమారు 1 మిల్లీఆంపియర్ కరెంటుతో నడుస్తుంది, 12ఏయూ7కి హాయిగా ఉండేది 10 మిల్లీఆంపియర్ల దగ్గర. సర్క్యూట్‌లో రెసిస్టర్లన్నీ ఒక ట్యూబును దృష్టిలో పెట్టుకుని వేసినవి. నంబరు మారిస్తే వాల్యూమ్ ఒక్కటే కాదు, డిస్టార్షన్ కూడా మారుతుంది.

6డీజే8తో ఇంకా జాగ్రత్త కావాలి. 12ఏఎక్స్7లో హీటర్‌కి 4, 5, 9 పిన్నులు వాడతారు. 6డీజే8లో 9వ పిన్ను షీల్డ్ (రెండు సగాల మధ్య అడ్డురేకు). 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు వచ్చే సాకెట్‌లో దాన్ని పెడితే హీటర్‌కి రెట్టింపు వోల్టేజి వెళ్తుంది. దాని ప్లేట్ (ఎక్కువ వోల్టేజి అందుకునే లోపలి రేకు) కూడా 130 వోల్టులకి మించి తట్టుకునేలా చేసింది కాదు.

నిశ్చింతగా మార్చుకోదగ్గవీ ఉన్నాయి. 12ఏఎక్స్7 బదులు తక్కువ నాయిస్ కోసం చేసిన 7025, 6డీజే8 బదులు 6922 అనే ఈ88సీసీ పెట్టొచ్చు. వాల్యూమ్ నాబ్ కొంచెం తిప్పగానే మోత మోగిపోయే సెటప్ అయితే 5751 నాకు బాగా నచ్చుతుంది. దాని ఫ్యాక్టర్ 70, హీటర్ మాత్రం కాస్త ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. 6డీజే8 బదులుగా చాలామంది చెప్పే రష్యన్ 6ఎన్1పీ హీటర్ 600 మిల్లీఆంపియర్లు లాగుతుంది, అసలుదానికి 365 చాలు. ఆ అదనపు భారం మోసే ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో తెలియకుండా పెట్టకండి.

మూడో పని: ఏ స్థానానికి ఏది?

డబ్బు ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే అని నా గట్టి నమ్మకం. రికార్డ్ ప్లేయర్ కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. ఫోనో స్టేజ్‌లో (ఆ సిగ్నల్‌ని పెంచే భాగంలో) మొదటి ట్యూబు చేసే ప్రతి చిన్న ‘స్స్’ శబ్దాన్నీ వెనకున్న స్టేజ్‌లన్నీ పెంచి వినిపిస్తాయి. అందుకే తక్కువ నాయిస్, తక్కువ మైక్రోఫోనిక్స్ చూసి ఏరిన ట్యూబు మొదటి స్థానంలోకే వెళ్లాలి. ఒకే ట్యూబు రెండు ఛానెళ్లనీ నడిపే చోట రెండు సగాల గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) సమానంగా ఉన్నది అడగండి. లేకపోతే పాట ఒక పక్కకి ఒరిగినట్టు వినిపిస్తుంది. కాథోడ్ ఫాలోవర్ (సిగ్నల్‌ని పెంచకుండా తర్వాతి పరికరానికి అందించే స్టేజ్) స్థానంలో గెయిన్ కన్నా, హీటర్‌కీ అది వేడిచేసే కాథోడ్‌కీ మధ్య ట్యూబు ఎంత వోల్టేజి తట్టుకుంటుందన్నది ముఖ్యం. ఇది డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉంటుంది.

నాలుగో పని: కొత్తవా, పాత స్టాకా?

ఇప్పటికీ ట్యూబులు తయారవుతున్నాయి: స్లొవేకియాలో జేజే, రష్యాలో ఎలక్ట్రో-హార్మోనిక్స్, చైనాలో స్వేన్. ముల్లార్డ్, టంగ్-సోల్ లాంటి పాత పేర్లతో ఇవాళ వచ్చే కొత్త ట్యూబులు కూడా రష్యాలో చేసినవే. అవి మంచివే కావచ్చు, కానీ ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో చేసిన పాత ముల్లార్డ్ ధర వాటికి ఇవ్వకండి.

పాత స్టాక్ కొనేటప్పుడు గాజు మీది పేరును నమ్మొద్దు. ఆ అచ్చు వేలితో రుద్దితే చెరిగిపోయే రకం, మళ్లీ కొట్టడం తేలిక. ఫిలిప్స్ వర్గం ట్యూబుల్లో గాజు కింది అంచున సన్నగా చెక్కిన కోడ్ ఉంటుంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. అందులో ‘బి’ అక్షరం బ్లాక్‌బర్న్‌ది, త్రికోణం హాలెండ్‌లోని హేర్లెన్‌ది. టెలిఫుంకెన్ సొంతంగా చేసినవాటికి అడుగున పిన్నుల మధ్య గాజులోనే డైమండ్ గుర్తు ఉబ్బెత్తుగా ఉంటుంది.

‘టెస్ట్ చేశాం’ అన్న ఒక్క మాట చాలదు. రెండు సగాల రీడింగులు, లీకేజి, నాయిస్ విడివిడిగా అడగండి. మామూలు ట్యూబ్ టెస్టర్ నాయిస్ చెప్పదు కాబట్టి, నచ్చకపోతే వెనక్కి తీసుకునే అమ్మకందారే కావాలి. మొదటిసారి మార్చేవాళ్లు ఇప్పటి తయారీలోంచి ఏరి, పరీక్షించినవి కొనడమే మేలు.

ఐదో పని: పెట్టడం

ఒక్కో ట్యూబునీ శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి. 1వ, 9వ పిన్నుల మధ్య ఖాళీ సాకెట్‌లోని ఖాళీకి ఎదురుగా వచ్చాకే నిటారుగా నొక్కండి. మెలితిప్పొద్దు. వంగిన పిన్ను ఉంటే ముందే సరిచేయండి, పట్టని చోట బలం చూపితే గాజు చిట్లుతుంది.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ముందు ప్రీఆంప్, ఆ తర్వాతే పవర్ ఆంప్ ఆన్ చేయండి. కొన్ని ట్యూబుల హీటర్ ఆన్ చేసిన క్షణంలో భగ్గున వెలిగి తగ్గుతుంది, కంగారు పడక్కర్లేదు. మొదటి నిమిషాల్లో చిటపటలు వచ్చినా వేడెక్కాక సద్దుమణగాలి. కొన్ని గంటల తర్వాత కూడా అలాగే ఉంటే వెనక్కి పంపండి. అన్నీ ఒకేసారి మార్చకుండా ఒక స్థానం మార్చి, విని, తర్వాత రెండోదానికి వెళ్తే ఏ ట్యూబు ఏం చేసిందో తెలుస్తుంది. తీసినవాటిలో బాగా పనిచేసేవి పారేయకండి, ఏ స్థానంలోదో చీటీ రాసి దాచండి. మళ్లీ గరగర వచ్చిన రోజు పోల్చి చూడటానికి అవే స్పేర్లు.