ట్రైనింగ్ జాబ్ ఆగిందా? ముందు పాడైన నోడ్‌ను పట్టుకోండి

తన ఏఐ మోడల్ లామా 3 ట్రైనింగ్ లెక్కలను మెటా 2024లో బయటపెట్టింది. 16,384 హెచ్100 జీపీయూల (ఏఐ లెక్కలు కట్టే చిప్‌ల) మీద 54 రోజుల్లో అనుకోకుండా 419 సార్లు పని ఆగింది. సగటున మూడు గంటలకోసారి! ఇంత పెద్ద క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో; ఒక్కో సర్వర్ ఒక నోడ్) ఎప్పుడూ ఏదో ఒకటి పాడవుతూనే ఉంటుంది. దాన్ని ఎంత త్వరగా పట్టుకుని పక్కన పెడతామన్నదే అసలు పని.

సమస్య: జాబ్ కదలదు, కాసేపటికి ఎన్‌సీసీఎల్ (జీపీయూల మధ్య డేటా పంపే లైబ్రరీ) టైమవుట్‌తో పడిపోతుంది

కారణం: చాలామంది ఎర్రర్ చూపించిన ర్యాంక్ (ఒక్కో జీపీయూ ప్రాసెస్‌కు ఇచ్చే నంబర్) వెంట పడతారు. ఆల్-రెడ్యూస్‌కు (అన్ని జీపీయూల ఫలితాలను కలిపే దశకు) ఒక్క జీపీయూ రాకపోయినా మిగతావన్నీ దానికోసం ఎదురుచూస్తాయి. టైమవుట్ అని గగ్గోలు పెట్టేవి అవే, తప్పు మాత్రం వాటిది కాదు.

పరిష్కారం: పైటార్చ్ ఫ్లైట్ రికార్డర్ డంప్ తీసి, ఏ ర్యాంక్ ఏ కలెక్టివ్ (ఆల్-రెడ్యూస్ లాంటి, జీపీయూలన్నీ కలిసి చేసే పని) దాకా వచ్చిందో పోల్చండి. అన్నీ 5120వ కలెక్టివ్ దగ్గరుండి ఒకటి 5119 దగ్గరే ఆగితే, ఆ నోడ్ కెర్నల్ లాగ్ తెరవండి. ఎక్స్‌ఐడీ (ఎన్‌విడియా డ్రైవర్ ఎర్రర్ కోడ్) 79 కనిపిస్తే పీసీఐఈ (జీపీయూను సర్వర్‌కు కలిపే లింక్) మీద ఆ జీపీయూ అందుబాటులో లేకుండా పోయినట్టే. రీబూట్ చేస్తే చాలాసార్లు మామూలైపోతుంది. దాన్ని నమ్మి వెంటనే జాబ్‌లోకి తీసుకోకండి! నోడ్‌ను డ్రైన్ చేసి (కొత్త జాబ్‌లు రాకుండా ఆపి) డీసీజీఎం (ఎన్‌విడియా జీపీయూ పర్యవేక్షణ టూల్) డయాగ్నస్టిక్ మూడో లెవెల్ నడపండి. కనెక్షన్లు, పవర్, వేడి చూశాక కూడా మళ్లీ అదే వస్తే కార్డు మార్చాల్సిందే.

ఎక్స్‌ఐడీ 63 అయితే కంగారు అక్కర్లేదు. పాడైన మెమరీ వరుస బదులు వేరేది కేటాయించారని అర్థం, జీపీయూ రీసెట్‌తో అమల్లోకి వస్తుంది. 64 వస్తే ఆ ప్రయత్నం విఫలమైనట్టు.

సమస్య: ఎర్రర్ లేదు, స్టెప్ టైమ్ (ఒక్కో ట్రైనింగ్ స్టెప్‌కు పట్టే సమయం) పెరిగింది

కారణం: ఒక్క జీపీయూ వేడెక్కి క్లాక్ తగ్గించుకున్నా, పీసీఐఈ లింక్ 16 లేన్ల నుంచి 8కి పడిపోయినా క్లస్టర్ అంతా దాని వేగానికే దిగుతుంది.

పరిష్కారం: సగటు చూస్తే దొరకదు. కంప్యూట్ సమయాన్ని ర్యాంకుల వారీగా విడదీయండి.

సమస్య: లాస్ (మోడల్ తప్పుల కొలత) ఉన్నట్టుండి పెరిగింది, లేదా నాన్ (సంఖ్య కాని విలువ) వచ్చింది

కారణం: డేటా, లెర్నింగ్ రేట్ సరిగ్గానే ఉంటే, చిప్ ఏ హెచ్చరికా లేకుండా తప్పు లెక్క కట్టి ఉండొచ్చు. నాకు అన్నిటికంటే భయం దీనితోనే.

పరిష్కారం: డిటర్మినిస్టిక్ మోడ్‌లో (ప్రతిసారీ ఒకే ఫలితం వచ్చేలా) అదే చెక్‌పాయింట్ (సేవ్ చేసిన మోడల్ స్థితి), అదే బ్యాచ్‌తో ఆ స్టెప్‌ను అదే రకం హార్డ్‌వేర్ ఉన్న మరో నోడ్ మీద నడపండి. ఒక్క బిట్ తేడా వచ్చినా రెండింటినీ మూడో నోడ్‌తో పోల్చి, తేడాగా ఉన్నదాన్ని తీసేయండి. ఆపై లాస్ చెడకముందు నాటి చెక్‌పాయింట్ నుంచి మొదలుపెట్టండి.