అతుక్కోని ఎముకకు షాక్ వేవ్ చికిత్స: ముందు ఏం అడగాలి?

ఎముక విరిగి 6 నెలలు దాటినా ఎక్స్‌రేలో అతుకు కనిపించకపోతే, ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు షాక్ వేవ్ చికిత్స మీకు పనికొస్తుందేమో ఎముకల డాక్టర్‌ని అడగండి. కరెంట్ పెడతారేమోనని టెన్షన్ వద్దు. కిడ్నీలో రాళ్లను పగలగొట్టే ఒత్తిడి తరంగాల్లాంటివే ఇవి, కాకపోతే ఇక్కడ కొత్త రక్తనాళాలు పుట్టేలా చేసి, ఆగిపోయిన అతుకు పనిని మళ్లీ మొదలుపెట్టిస్తాయి.

ముఖ్యంగా ముక్కల మధ్య ఖాళీ ఎంతుందో అడగండి. 5 మిల్లీమీటర్లు దాటితే పెద్దగా ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. ముక్కలు కదులుతుంటే ముందు వాటిని కదలకుండా చేయాలి. ఆ చోట ఇన్ఫెక్షన్, కణితి ఉన్నా, గర్భంతో ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా దాచకుండా చెప్పండి.

చికిత్స రోజున ఎక్స్‌రేతో విరిగిన చోటు గుర్తించి, జెల్ రాసి, వేల తరంగాలు పంపుతారు. నొప్పి ఎక్కువే, అందుకే చాలాసార్లు మత్తు ఇస్తారు. తర్వాత చర్మం కమిలినా, కాస్త వాచినా కొన్ని రోజుల్లో తగ్గుతుంది.

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే: డాక్టర్ చెప్పినన్నాళ్లు కట్టు తీయకూడదు, బరువు మోపకూడదు, సిగరెట్ పూర్తిగా మానేయాలి (దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు!). ఫలితం తేలడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. అప్పటికీ ఎక్స్‌రేలో మార్పు లేకపోతే మళ్లీ చేయించుకోవాలా, ఆపరేషన్‌కి వెళ్లాలా అన్నది డాక్టర్‌తో తేల్చుకోండి.