రైల్స్ ట్యూబుతో ఇంటికి వచ్చిన రోగికి ఆహారం ఎలా అందించాలి?

పక్షవాతం వల్లనో తలకు తగిలిన దెబ్బ వల్లనో విశాఖపట్నంలోని కేజీహెచ్, విమ్స్ వంటి ఆసుపత్రుల ఐసీయూలో గడిపి, ఇంకా మింగలేని స్థితిలోనే ఇంటికి చేరే రోగికి ముక్కు ద్వారా కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబే ఆహారమార్గం. డిశ్చార్జికి ముందే నర్సు ఎదుట స్వయంగా ఫీడు, అంటే ట్యూబులో పోసే ద్రవాహారం, పోసి నేర్చుకోవాలి. ముక్కు అంచు దగ్గర ట్యూబుపై ఏ సెంటీమీటరు గుర్తు ఉందో, రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు ఇవ్వాలో రాయించుకోవాలి.

ఫీడుకు ముందు చేతులు సబ్బుతో కడుక్కొని, రోగి తల, ఛాతీ భాగాన్ని 30 నుంచి 45 డిగ్రీల ఎత్తుకు లేపాలి. ఇంట్లో ఆసుపత్రి మంచం లేకపోతే తల కింద దిండ్లు పెడితే చాలదు, నడుము నుంచి ఏటవాలుగా ఆనుకునేలా అమర్చాలి. తర్వాత ముక్కు దగ్గరి గుర్తు మారలేదని చూసి, ట్యూబు కడుపులోనే ఉందని తేల్చుకోవడానికి సిరంజితో కొద్దిగా కడుపు ద్రవం లాగి ఆమ్లతను కొలిచే పీహెచ్ కాగితంపై వేస్తే 5.5 లేదా అంతకంటే తక్కువ చూపాలి. ఆమ్లం తగ్గించే మందులు వాడేవారిలో ఈ అంకె పెరగవచ్చు కనుక వారి విషయం డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. గాలి పంపి పొట్టపై శబ్దం వినే పద్ధతి ఇప్పటికీ చాలామంది చేస్తున్నా, ట్యూబు ఊపిరితిత్తుల్లోకి జారినా అలాంటి శబ్దమే వినిపించవచ్చు కాబట్టి దాన్ని నమ్మరాదు. అనుమానం ఉంటే ఫీడు పోయకుండా ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించాలి. ట్యూబు ఊడి వస్తే ఇంట్లో తిరిగి దించే ప్రయత్నం చేయకూడదు.

అంతా సరిగా ఉంటే 50 మి.లీ. సిరంజి లోపలి దండ తీసేసి, ట్యూబు వంచి పట్టుకొని సిరంజి తగిలించి, ముందు 30 మి.లీ. కాచి చల్లార్చిన నీరు, తర్వాత ఫీడు, చివర మళ్లీ 30 మి.లీ. నీరు పోయాలి. దండతో బలంగా నెట్టకుండా దానంతట అది దిగనివ్వాలి. 200 నుంచి 250 మి.లీ. ఫీడు దిగడానికి 15, 20 నిమిషాలు పడితే మంచిదే. తర్వాత గంటసేపు రోగిని పడుకోబెట్టరాదు.

ఎక్కువ ఇళ్లలో లోపం జరిగేది ఫీడులో ఏముందన్న దగ్గరే. పలుచటి బియ్యపు గంజి, రాగి జావ, మజ్జిగ పొట్ట నింపుతాయి గానీ కరిగిపోయిన కండను తిరిగి ఇవ్వలేవు. కోలుకుంటున్న రోగికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 25 కేలరీలు, కనీసం 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరమని లెక్కిస్తారు. 60 కిలోల మనిషికి అది 1,500 కేలరీలు, 72 గ్రాములు. నాలుగు గ్లాసుల పాలు, రెండు గుడ్లు కలిపినా దాదాపు 36 గ్రాములే, అంటే సగమే. మిగతాది మెత్తగా ఉడికించి మిక్సీ పట్టి వడకట్టిన పెసరపప్పుతోనో, డైటీషియన్ సూచించిన ఫీడు పొడితోనో పూరించాలి. గుడ్డు ఉడికించినదే వాడాలి. అయితే చాలా రోజులు సరిగా తినని రోగికి ఒక్కసారిగా ఇంత ఇస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక పరీక్షలు చేయిస్తూ క్రమంగా పెంచాలి. చూడవచ్చే బంధువులు ప్రేమతో తెచ్చే కొబ్బరి బోండాలలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి డాక్టరును అడగకుండా ఆ నీళ్లు పోయరాదు.

విశాఖ ఉక్కపోతలో ఇంట్లో చేసిన ఫీడును రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో పెట్టినా 24 గంటలలోపే వాడాలి.

మాత్రలను ఫీడులో కలపకుండా ఒక్కోదాన్ని విడిగా పొడిచేసి నీటిలో కలిపి ఇచ్చి, మధ్యలో నీరు పోయాలి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలను నూరకూడదు, వాటికి బదులు ద్రవ మందు ఉందేమో అడగాలి. ట్యూబు పూడుకుపోతే గోరువెచ్చని నీటితో మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాలి. కూల్‌డ్రింకు పోస్తే పాలు విరిగి మరింత పూడుకుంటుంది.

ఫీడు మధ్యలో దగ్గు, ఆయాసం, వాంతి వస్తే వెంటనే ఆపాలి. ఆయాసం తగ్గకపోయినా, పెదవులు నీలంగా మారినా, లాగిన ద్రవం కాఫీ రంగులో ఉన్నా 108కి ఫోన్ చేయాలి. నోటితో తినకపోయినా రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయాలి. రోగి నీళ్లు అడిగినా, మింగగలడని డాక్టరు నిర్ధారించే వరకు చెంచాడు కూడా పోయరాదు. నాలుగు నుంచి ఆరు వారాలు దాటినా ట్యూబు అవసరమైతే పొట్టకు నేరుగా వేసే పెగ్ ట్యూబు గురించి డాక్టరుతో మాట్లాడాలి.