స్కౌట్ దళం వార్షిక ప్రణాళికను ఖరారు చేసే ముందు జాగ్రత్తలు

రాత్రి బస ఉన్న ప్రతి శిబిరానికీ బాధ్యత వహించే పెద్దలు కనీసం ఇద్దరి పేర్లు రాసిన తరువాతే తేదీ వేయండి. ఒక్కరే ఉంటే, జ్వరం వచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు మిగిలినవారిని కనిపెట్టుకునేవారు ఉండరు.

పరీక్షల తేదీలను ముందే గుర్తించండి. ఆ వారంలో పడిన శిబిరానికి పిల్లలు రారు, కట్టిన అడ్వాన్సూ తిరిగి రాదు.

ముడులు, గుడారం వేయడం, ప్రథమ చికిత్స వంటివి శిబిరానికి ముందు వారాల్లోనే నేర్పండి. చీకట్లో, వానలో నేర్పడం కుదరదు.

పెట్రోల్ నాయకులను, అంటే దళంలోని చిన్న బృందాలను నడిపే పిల్లలను, ప్రణాళిక దశలోనే కూర్చోబెట్టి అడగండి, ఎందుకంటే పెద్దలు మాత్రమే వేసిన ప్రణాళిక కాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నా (తరచూ ఉంటుంది కూడా) కొన్ని నెలలకే హాజరు పలచబడుతుంది.

స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ జన్మదినమైన ఫిబ్రవరి 22ను ఖాళీగా ఉంచండి.