ఆరోగ్య కార్డు లేకపోయినా రొమ్ములో గడ్డకు పరీక్ష చేయించుకునే దారి

శరణార్థిగానో వలస కూలీగానో తిరుపతికి చేరిన మహిళకు రొమ్ములో నొప్పి లేని గట్టి గడ్డ తగిలినా, చనుమొన లోపలికి ముడుచుకున్నా, దాని నుంచి రక్తం కారినా, కార్డు లేదన్న బెరుకుతో ఆగిపోకుండా రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లాలి.

అక్కడ వైద్యులు చేతితో పరీక్షించాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), వయసు 40 లోపైతే సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్, ఆపైన సూదితో సన్నని ముక్క తీసే బయాప్సీ రాస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న భయం మన వైపు బాగా ఉంది గానీ, దానికి ఆధారం లేదు. క్యాన్సర్ అని తేలితే అదే ముక్కపై ఈఆర్, పీఆర్ (హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు), హెర్‌2 (ఒక ప్రోటీన్) పరీక్షలు తప్పక చేయించాలి. హార్మోన్ మాత్రలు పనిచేస్తాయా లేదా అన్నది తెలిసేది ఈఆర్, పీఆర్ పరీక్షలతోనే.

ఊరు మారవలసి వస్తే, రిపోర్టుతో పాటు ఆ ముక్కను మైనంలో భద్రపరిచిన పారాఫిన్ బ్లాకునూ గాజు స్లైడ్లనూ ల్యాబులో అడిగి తీసుకుని, ఎండ తగలకుండా దాచుకోవాలి. అవి ఉంటే మరో ఆసుపత్రిలో మళ్లీ సూది గుచ్చవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

ఖర్చు మాటకొస్తే, వేరే రాష్ట్రంలో తీసుకున్న ఆయుష్మాన్ కార్డు ఇక్కడి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఐక్యరాజ్య సమితి శరణార్థి కార్డు ఉన్నవారు దానితోనే ఆయుష్మాన్ పథకం వర్తిస్తుందనుకోకుండా, చికిత్స మొదలయ్యే ముందే ఆసుపత్రి సామాజిక కార్యకర్తను కలిసి దాతృత్వ నిధుల గురించి అడగాలి.